పాత కారు యాంటెన్నా గురించి మిత్రుడికి ఉత్తరం

ప్రియ మిత్రమా,

నీ ఉత్తరం అందింది. కారు యాంటెన్నా సగం వరకు లేచి ఆగిపోతోందని, రేడియో కట్టేసిన తరువాత కూడా లోపల మోటారు కాసేపు కటకటమంటూ తిరుగుతోందని, మెకానిక్ మాత్రం మొత్తం యూనిట్ మార్చాల్సిందేనని తేల్చేశాడని రాశావు. అతని మాటకు అప్పుడే తల ఊపవద్దు. నువ్వు చెప్పిన లక్షణాలను బట్టి చూస్తే మోటారు బాగానే ఉంది. పాడయింది దాదాపుగా దాని లోపలి నైలాన్ తాడే అయి ఉంటుంది.

ఆ ఏర్పాటు ఎలా పనిచేస్తుందో తెలిస్తే నీకే విషయం అర్థమవుతుంది. రేడియో వేయగానే దాని వెనుక నుండి ఒక వైరు ద్వారా పన్నెండు వోల్టుల సంకేతం రిలేకు, అంటే చిన్న సంకేతంతో మోటారు కరెంటును కలిపే స్విచ్చుకు, అందుతుంది. రిలే మోటారును తిప్పుతుంది. మోటారుకున్న గేరు, ఒక వైపు పళ్లు ఉన్న నైలాన్ తాడును పైకి నెడుతుంది. ఆ తాడు పై కొస, ఒకదానిలో ఒకటి దూరే గొట్టాలలో అన్నిటికన్నా సన్నని దానికి బిగించి ఉంటుంది కనుక తాడు పైకి వస్తే యాంటెన్నా లేస్తుంది, వెనక్కి వెళితే దిగుతుంది, దిగినప్పుడు తాడంతా డ్రమ్ములో చుట్టుకుంటుంది. ఇంత భారమూ ఆ సన్నని తాడు పళ్ల మీదే పడుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ నైలాన్ పెళుసుబారుతుంది, గొట్టాల మీద దుమ్ము గట్టిపడుతుంది, చివరికి గేరు తిరుగుతూనే ఉన్నా తాడు కదలదు.

ముందుగా ఎవరినైనా రేడియో వేయమని చెప్పి, నువ్వు యాంటెన్నా ఉన్న ఫెండర్ (చక్రం పైనుండే బాడీ రేకు) దగ్గర చెవి పెట్టి విను. శబ్దమే లేకపోతే ఫ్యూజు, రిలే, సంకేతపు వైరు వరుసగా చూడాలి. మోటారు హాయిగా తిరుగుతున్న శబ్దం వస్తూ పుల్ల (పైకి లేచే ఆ గొట్టాల కడ్డీ) కదలకపోతే తాడు తెగిపోయినట్టే. నువ్వు రాసినట్టు కటకటమంటే పళ్లు అరిగి గేరు జారుతోందని గాని, వంగిన గొట్టం దగ్గర పుల్ల ఇరుక్కుని, భారం ఎక్కువైతే జారిపోయే క్లచ్ జారుతోందని గాని అనుకోవాలి. పుల్లను వేళ్లతో మెల్లగా తడిమి చూస్తే కంటికి కనబడని వంపు కూడా చేతికి తెలుస్తుంది.

పుల్ల, తాడు కలిపి విడిగా దొరికితే యూనిట్‌ను కదపకుండానే మార్చవచ్చు. ఈ పనికి మోటారు తిరగాలి కనుక బ్యాటరీ తీయవద్దు. ఫెండర్ పెయింటు గీసుకుపోకుండా చుట్టూ గుడ్డ పరిచి, పైన ఉన్న నట్టు విప్పి, రేడియో వేయించు. మోటారే పాత పుల్లను తాడుతో సహా బయటికి నెట్టేస్తుంది, నువ్వు నిటారుగా పట్టుకుంటే చాలు. తాడు పళ్లు ఏ వైపుకు తిరిగి ఉన్నాయో అప్పుడే గుర్తుపెట్టుకో. కొత్త తాడును అదే వైపుకు తిప్పి, గేరుకు తగిలేదాకా లోపలికి దించి, రేడియో ఆపించు. గేరు పట్టు దొరకగానే తాడు నీ చేతిలో చిన్నగా అదిరి లోపలికి జారడం మొదలవుతుంది. ఆ క్షణంలో బలంగా నెట్టకుండా, పక్కకు వంగకుండా చూసుకోవడమే నీ పని. నట్టు బిగించాక పుల్ల కొస కాస్త పైకే నిలిచిపోతే రేడియోను ఒకటి రెండుసార్లు వేసి ఆపు, చాలా యూనిట్లలో అది తనంతట తానే సర్దుకుంటుంది.

తాడు మధ్యలో తెగి ముక్క లోపలే ఉండిపోతే మాత్రం పని పెద్దది. అప్పుడు బ్యాటరీ నెగటివ్ తీగ విప్పి, యూనిట్ దించి, డ్రమ్ము మూత తెరవాలి. అందులోని వాషర్లు, స్ప్రింగు ఏ వరుసలో ఉన్నాయో ఫోటో తీసిన తరువాతే కదిలించు. ఎండి గట్టిపడిన పాత గ్రీజును తుడిచేసి, గేరుకు పలుచగా కొత్తది రాస్తే సరిపోతుంది.

లోపల గ్రీజు ఎంత అవసరమో, బయట పుల్లకు అంత హాని. దుమ్ము పట్టి ముద్దలా తయారై గొట్టాలలో ఇరుక్కుంటుంది. పుల్ల పూర్తిగా లేచినప్పుడు మెత్తని గుడ్డతో తుడిచి, పలుచని నూనె ఒక్క చుక్క రాసి, మళ్లీ పొడిగా తుడిచేయి. గుడ్డ మీద నల్లని చార పడడం ఆగేదాకా తుడవాలి. గరుకు కాగితంతో రుద్దితే క్రోమ్ పోతుంది, ఆ పని ఎన్నడూ చేయవద్దు. యూనిట్ అడుగున నీరు కారిపోయే చిన్న గొట్టం ఉంటుంది. అది మట్టితో పూడుకుపోతే నీరు మోటారులో నిలిచి తుప్పు పట్టిస్తుంది కనుక ఏడాదికోసారైనా చూడు. కారు కడిగించే ముందు రేడియో ఆపడం మరచిపోకు.

పుల్ల పూర్తిగా లేవడం అందం కోసం కాదు. ఎఫ్.ఎం. ప్రసారాలు 100 మెగాహెర్ట్జ్ దగ్గర దాదాపు 3 మీటర్ల తరంగదైర్ఘ్యంతో వస్తాయి, అందులో నాలుగో వంతు 75 సెంటీమీటర్లు. సగమే లేస్తే స్టేషన్లు బలహీనంగా వినిపించేది అందుకే. పూర్తిగా లేచినా గరగర పోకపోతే యాంటెన్నా అడుగుభాగం కారు బాడీకి ఆనే చోట తుప్పు గీకి, లోహం మెరిసేలా చేసి బిగించు. మల్టీమీటరుతో చూస్తే యాంటెన్నా కేబుల్ మధ్య తీగకు, పుల్లకు మధ్య కరెంటు పారే దారి ఉండాలి, మధ్య తీగకు, దాని చుట్టూ ఉండే లోహపు అల్లికకు మధ్య మాత్రం ఉండకూడదు.

నువ్వు కొత్త స్టీరియో పెట్టించావు కదా, ఒక్కసారి వైర్లు కూడా చూడు. సాధారణంగా నీలం వైరు యాంటెన్నాకు, తెల్ల చార ఉన్న నీలం వైరు యాంప్లిఫయర్‌కు. రెండవదానికి కలిపితే పాటలు పెన్ డ్రైవ్ నుండి వస్తున్నా యాంటెన్నా లేచే ఉంటుంది, ఊరికే అరిగిపోతుంది. యాంటెన్నాకు వెళ్లే నీలం వైరు రిలేకు సంకేతం ఇవ్వడానికే తప్ప మోటారు భారం మోయడానికి కాదు కనుక, మోటారుకు నేరుగా తగిలిస్తే స్టీరియో కాలిపోయే ప్రమాదం ఉంది.

కొత్త పుల్ల కొనే ముందు పాతదాన్ని బయటికి తీసి, దాని పొడవు, గొట్టాల సంఖ్య, తాడు పళ్ల ఆకారం సరిపోల్చుకో. ఆ తాడు ఏ స్థితిలో బయటపడిందో నాకు తప్పక రాయి.

ఇట్లు,
నీ మిత్రుడు