సీసీ రోడ్డుకు క్యూబు పరీక్ష ఒక్కటే చాలదు

సంపాదకుడు గారికి,

మల్కాజిగిరిలో మా వీధికి పోయినేడాది మే నెలలో సీసీ రోడ్డు వేశారు. ఏడాది తిరక్కముందే మా గేటు ముందు స్లాబు మూల విరిగింది. అంతకు చాలా ముందు నుంచే తెల్లవారుజామున పాలబండి ఎక్కితే ఆ మూల టక్కుమనేది. మధ్యాహ్నం అదే బండి వెళ్తే చప్పుడుండేది కాదు.

అడిగితే కాగితాలు చూపించారు. క్యూబులు (అదే కాంక్రీటుతో పోసి, నొక్కి పగలగొట్టి చూసే నమూనా దిమ్మలు) పాసయ్యాయి, మందం సరిపోయింది. అబద్ధమేమీ కాదు. సైట్ల మీద సూపర్‌వైజరుగా తిరిగినన్నాళ్లూ నేనూ ఆ కాగితాలే చూశాను. కానీ కాంక్రీటు ఎంత నొక్కుడుకు ఆగుతుందో మాత్రమే క్యూబు చెబుతుంది. లాగుడుకు దాని బలం అందులో సుమారు పదోవంతే. బండి ఎక్కకముందే స్లాబులో ఎంత లాగుడు మిగిలి ఉందో క్యూబుకేం తెలుసు? ఇంజినీర్లు దీన్నే రెసిడ్యువల్ స్ట్రెస్ అంటారు.

మాకు మిట్టమధ్యాహ్నం పోశారు. పైభాగం వేడిగా ఉండగానే గట్టిపడింది. రాత్రి చల్లబడితే ఆ పైపొరే ముడుచుకుంటుంది, తడి ఆరేదీ పైనుంచే. ఎండలో పెట్టిన అప్పడంలా మూలలు లేస్తాయి. స్లాబు బరువేమో కిందికి గుంజుతుంది. ఆ స్థితిలో మూల మీద వాటర్ ట్యాంకర్ చక్రం పడితే చాలు. సిమెంటు రోడ్ల డిజైనుకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ఇచ్చిన 2015 నాటి మార్గదర్శకం ఐఆర్‌సీ 58 కూడా రాత్రిపూట పైనుంచి పగలడాన్ని డిజైనులో లెక్కలోకి తీసుకుంటుంది. వేశాక కొలిచేవాళ్లే లేరు.

కొలవడం కుదరని పనేం కాదు. స్లాబు మీద స్ట్రెయిన్ గేజి (సాగుడు, ముడుచుకోవడం కొలిచే పట్టీ) అతికించి రీడింగు తీసుకుంటారు, పక్కన రంపంతో గాడి కోస్తారు. పట్టు వదిలిన కాంక్రీటు ఎంత కదిలిందో గేజి చూపిస్తుంది, దాన్నిబట్టి స్ట్రెస్ లెక్క కడతారు. ఇనుముకు వాడే బుల్లి గేజి ఇక్కడ పనికిరాదు. 20 మి.మీ. కంకరకు 60 మి.మీ. గేజి అయినా ఉండాలి, లేకపోతే ఒక్క రాయి సంగతే తెలుస్తుంది. కోతకు పోసే నీళ్లకే కాంక్రీటు ఉబ్బి రీడింగు మారుతుంది కాబట్టి ఓపిక కావాలి. అందుకే ప్రతి గల్లీకీ అడగడం లేదు. బస్సులు, ట్యాంకర్లు తిరిగే రోడ్లలో రెండు మూడు స్లాబులకైనా ఫైనల్ బిల్లుకు ముందు చేయించాలి. హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ కాలేజీలకు కొదవా?

మిగతా వీధులకు, కాంక్రీటు ఎన్ని గంటలకు పోశారో, జాయింట్లు (అడ్డదిడ్డంగా పగలకుండా స్లాబుల మధ్య కోసే గాళ్లు) ఎప్పుడు కోశారో రికార్డులో రాస్తే అదే పదివేలు. మా దగ్గర జాయింట్లు మూడో రోజు కోశారు, అప్పటికే ఓ పగులు తన దారి తాను చూసుకుంది. 14 రోజులు తడిపి ఉంచాల్సిన గోనెపట్టాలు నాలుగో రోజుకే ఇంకో సైటుకు వెళ్లిపోయాయి.

మొన్న వచ్చి విరిగిన మూలలో సిమెంటు పాలు పోసి వెళ్లారు. ఇవాళ పొద్దున పాలబండికి మళ్లీ టక్కుమంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ సైట్ సూపర్‌వైజర్,
మల్కాజిగిరి, హైదరాబాద్