నాన్న పుస్తకం అచ్చుకి వెళ్ళింది, మీ అందరికీ కృతజ్ఞతలు

నాన్న జీవితకథ ఫైనల్ ప్రూఫ్ నిన్న ప్రెస్సులో ఇచ్చి వచ్చాను. ఏడాదిన్నర కిందట ఆయన లాగ్‌బుక్‌లో (ఎగిరిన ప్రతిసారీ వివరాలు రాసుకునే పుస్తకం) రెండు పేజీల ఫోటో ఇక్కడ పెట్టి, ఈ పొట్టి అక్షరాలకి అర్థం ఎవరైనా చెప్తారా అని అడిగితే ఇంతమంది వస్తారనుకోలేదు.

నాన్న ఎయిర్‌ఫోర్స్‌లో కాన్‌బెర్రా బాంబర్ల మీద నావిగేటర్, 1965 యుద్ధమప్పుడు ఆగ్రాలో ఉన్నారు. తెనాలిలో మా చుట్టాలకి మాత్రం ఆయన పైలట్టే, ఆయనా ఎప్పుడూ దిద్దలేదు. దారి లెక్క కట్టడం, కంటితో గురి చూసి బాంబు వెయ్యాల్సి వస్తే తన చోటు వదిలి విమానం ముక్కులోకి పాక్కుంటూ వెళ్ళి బోర్లా పడుకోవడం, అదీ ఆయన పని.

ప్రమాదం వస్తే పైలట్, నావిగేటర్ ఇద్దరూ సీట్లతో సహా బయటపడొచ్చని నా మొదటి డ్రాఫ్టులో రాసేశాను. పుణెలో ఉంటున్న రిటైర్డ్ నావిగేటర్ అంకుల్ (పేరు వద్దన్నారు) అది చదివి రాత్రి పదకొండింటికి ఫోన్ చేశారు. "అమ్మా, మన బి.ఐ. 58 రకం కాన్‌బెర్రాలో ఇజెక్షన్ సీటు పైలట్‌కి ఒక్కడికే. మీ నాన్న పారాచూట్ తగిలించుకుని పక్క తలుపులోంచి దూకాల్సిందే" అన్నారు. ఆ యుద్ధం చివరి రోజుల్లో పాకిస్తాన్ స్టార్‌ఫైటర్ యుద్ధవిమానం కూల్చిన కాన్‌బెర్రాలో పైలట్ ఇజెక్ట్ అయి ఖైదీగా దొరికారు, నావిగేటర్ మాత్రం చనిపోయారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే అమ్మకి చెబితే, "నాకు అప్పుడే తెలుసే. మీ నాన్న చెప్పలేదు, పక్క క్వార్టర్స్ ఆవిడ చెప్పింది" అంది. అన్నేళ్ళూ ఒకరికి తెలియకుండా ఒకరు దాచుకున్నారు. ఆ అధ్యాయం మొత్తం తిరగరాశాను, ఇప్పుడు పుస్తకానికి అదే ప్రాణం.

ఇంకోటి కూడా అంకుల్ వల్లే సరైంది. సెప్టెంబరు 13-14 రాత్రి పెషావర్ మీద జరిగిన దాడికి నాన్న వెళ్ళారని మా ఇంట్లో అందరం నమ్మేవాళ్ళం. లాగ్‌బుక్ ఒక్కో గీతా నాతో చదివించి, ఆ రాత్రి ఆయన ఎగరలేదని చూపించారు. బాధేసింది, కానీ లేనిది రాయకుండా నన్ను ఆపారు.

బెంగళూరు హెచ్.ఏ.ఎల్. మ్యూజియంలో నాతోపాటు పూటంతా కాన్‌బెర్రా ముక్కు కిందే నిలబడి ఫోటోలు తీసిన తమ్ముడికి, నాన్న రాసిన ఇన్‌లాండ్ లెటర్లు ట్రంకుపెట్టెలోంచి వెతికి ఇచ్చిన పిన్నికి, చిరిగిన పేజీలు ఓపిగ్గా స్కాన్ చేసిన జిరాక్స్ షాపు అబ్బాయికి, పుస్తకంలో నుడికారం సరిచూసి పెట్టిన టీచర్ గారికి, అందరికీ పేరుపేరునా నమస్కారాలు.

2007 మేలో ఆగ్రాలో కాన్‌బెర్రాలకి వీడ్కోలు చెప్పిన వార్త టీవీలో వస్తే, అయిపోయేదాకా నాన్న నిలబడే చూశారు. ఎందుకని అప్పుడు అడగలేదు నేను.

సాయం చేసిన ప్రతి ఒక్కరికీ ఒక కాపీ పంపాలి, అడ్రసులు నాకు మెసేజ్ చెయ్యండి. అంకుల్, మీకు మాత్రం పుణె వచ్చి నా చేత్తోనే ఇస్తాను, అమ్మ కూడా వస్తానంటోంది.