తండా పాటలు వాళ్లకూ చేరాలి

సంపాదకులకు నమస్కారం.

1999లో, మళ్లీ 2001లో హైదరాబాద్ దత్తత కేంద్రాల చాటున సాగిన శిశువుల అమ్మకాలు బయటపడ్డాయి. వాటికి ఎక్కువగా బలైంది తెలంగాణ లంబాడా తండాల ఆడపిల్లలే. అప్పట్లో విదేశాలకు వెళ్లిన పిల్లలు ఇప్పుడు పెద్దవాళ్లయ్యారు.

పద్దెనిమిదేళ్లు నిండితే తమ మూలాల వివరాలు అడిగే వీలు మన దత్తత నిబంధనల్లో ఉంది. కానీ కాగితాలే అబద్ధాలైతే ఏం దొరుకుతుంది? తల్లి పేరు తెలియకపోయినా, ఆ తల్లి పాడుకున్న పాటలైనా వాళ్లకు అందాలి.

తీజ్ పండుగకు మొలకల బుట్టల చుట్టూ అమ్మాయిలు పాడే పాటలున్నాయి. అత్తారింటికి వెళ్లే పెళ్లికూతురు అయినవాళ్లను పట్టుకుని ఏడుస్తూ పాడే ‘ఢావ్లో’ అనే పాట ఉంది. అది వింటే నాకు గొంతు పూడుకుపోతుంది. పుట్టిల్లు విడిచే బాధకు ఒక పాటే ఉన్న తండాల నుంచి ఆ పసికందులు ఏ పాటా లేకుండా వెళ్లిపోయారు.

పాట తల్లిని వెతికిపెట్టదు, నిజమే. అయినా తండా ఆడవాళ్ల పక్కన కూర్చుని నేర్చుకున్న పాటను ఏ తప్పుడు కాగితమూ కాదనలేదు.

లంబాడాల భాష గోర్‌బోలీకి సొంత లిపి లేదు. పెద్దవాళ్లు పోతే పాటలూ పోతాయి. గిరిజన సంక్షేమ శాఖ, భాషా సాంస్కృతిక శాఖ కలిసి వీటిని తండా పేరుతో, తెలుగు, ఇంగ్లిష్ అర్థాలతో రికార్డు చేసి ఉచితంగా ఆన్‌లైన్‌లో పెట్టాలి. వెతుక్కుంటూ వచ్చినవాళ్లు కొన్నాళ్లు తండాలో ఉండి నేర్చుకునే ఏర్పాటు చేయాలి. నేర్పే ఆడవాళ్లకు తగిన డబ్బు ఇవ్వాలి.

– ఒక పాఠకురాలు, నల్గొండ