పైలట్ లైసెన్సుకీ ఉద్యోగానికీ మధ్య ఎన్నేళ్ళు? ఆ లెక్క బయటపెట్టాలి

సంపాదకులకు నమస్కారం.

ఈ మధ్య అమలాపురం, రావులపాలెం, పాలకొల్లు బస్టాండ్ల దగ్గర పైలట్ కోర్సుల ఫ్లెక్సీలు ఎక్కువయ్యాయి. తెల్ల యూనిఫాం వేసుకున్న కుర్రాడు, వెనక విమానం, కింద కన్సల్టెన్సీ ఫోన్ నంబరు. 2025 డిసెంబరులో ఇండిగో వేల సర్వీసులు రద్దు చేసినప్పటి నుంచి 'దేశంలో పైలట్లు చాలడం లేదట' అన్న మాట పల్లెల్లో కూడా వినబడుతోంది. ఇంటర్ ఎంపీసీ పిల్లలకు ముప్ఫై ఏళ్ళకు పైగా ఫిజిక్స్ చెప్పి రిటైరైనవాణ్ణి. అందుకని తల్లిదండ్రులు మా ఇంటికొచ్చి "మాస్టారూ, పంపించమంటారా?" అని అడుగుతున్నారు. జవాబు చెప్పడానికి నాకు ఒక లెక్క కావాలి. అది ఎక్కడా దొరకడం లేదు.

మొదట కొరత సంగతి చెప్పాలి. 2025 జూలై, నవంబరుల్లో రెండు విడతలుగా పైలట్ల డ్యూటీ నిబంధనలు గట్టిపడ్డాయి. వారానికి ఇవ్వాల్సిన విశ్రాంతి 36 గంటల నుంచి 48 గంటలకు పెరిగింది, రాత్రిపూట ల్యాండింగులు ఆరు నుంచి రెండుకు తగ్గాయి. ప్రయాణికుల ప్రాణాల కోసం ఇది చేయాల్సిన పనే. దానికి తగ్గట్టు సిబ్బందిని సిద్ధం చేసుకోకపోవడంతో డిసెంబరులో ఆ గందరగోళం వచ్చింది. అయితే అప్పుడు తక్కువపడింది ముఖ్యంగా కెప్టెన్లు. కెప్టెన్ కావాలంటే ఏటీపీఎల్ అనే పై లైసెన్సు ఉండాలి, దానికే కనీసం 1,500 గంటలు ఎగిరి ఉండాలి. మన పిల్లలు శిక్షణ పూర్తిచేసి తెచ్చుకునే కమర్షియల్ పైలట్ లైసెన్సు, అంటే సీపీఎల్‌కి 200 గంటలు చాలు, అదీ ఎక్కువ భాగం చిన్న సెస్నా లాంటి విమానంలో. ఫ్లెక్సీ మీద 'పైలట్ల కొరత' అని రాసినవారు ఈ తేడా రాయరు. 200 గంటలవాడు కుడివైపు సీట్లో, అంటే కో-పైలట్‌గా, కూర్చోవడానికి కూడా క్యూలో నిలబడాల్సిందే.

ఆ క్యూ చిన్నది కాదు. 2020లో దేశంలో 578 సీపీఎల్‌లు ఇస్తే, 2023లో 1,622 ఇచ్చారు. అదే 2023లో ఎయిర్ ఇండియా 470, ఇండిగో 500 విమానాలకు ఆర్డర్లు పెట్టాయి, అందరం సంతోషించాం. కానీ ఆర్డరు పెట్టిన విమానం రన్‌వే మీదికి రావడానికి ఏళ్ళు పడుతుంది. ఆ ఏడాదే మే నెలలో గో ఫస్ట్ విమాన సంస్థ ఆగిపోయింది, అంతకుముందు 2019 ఏప్రిల్‌లో జెట్ ఎయిర్‌వేస్ మూతపడింది. ఒక కంపెనీ మూతపడిన రోజున వేల గంటల అనుభవం ఉన్నవారు రోడ్డున పడతారు. కొత్త లైసెన్సు చేత్తో పట్టుకున్న కుర్రాడు ఎవరితో పోటీ పడాలో ఆలోచించండి.

మా అక్క కొడుకు సంగతి చెబుతాను. వాడు నా దగ్గరే ఇంటర్ చదివాడు, తెలివైనవాడు, కష్టపడేవాడు. ఒక కన్సల్టెన్సీ వాళ్ళు పద్నాలుగు నెలల్లో కోర్సు, ఆరు నెలల్లో ఉద్యోగం అన్నారు. విద్యారుణం ఏడున్నర లక్షలు దాటితే బ్యాంకు ఆస్తి హామీ అడుగుతుంది. బావగారు అంబాజీపేట దగ్గరున్న రెండున్నర ఎకరాల కొబ్బరి తోట పెట్టి 40 లక్షలు తెచ్చారు. విదేశంలో శిక్షణ. విమానాలు తక్కువ, పిల్లలు ఎక్కువ, పైగా వాతావరణం. పద్నాలుగు నెలలన్నది రెండేళ్ళ మూడు నెలలైంది. తిరిగొచ్చాక ఇక్కడ డీజీసీఏ (కేంద్ర పౌర విమానయాన నియంత్రణ సంస్థ) పేపర్లు రాసి లైసెన్సు మార్పించుకునేసరికి ఇంకో ఏడాది. అన్నీ అయి లైసెన్సు చేతికొచ్చాక రెండేళ్ళ తొమ్మిది నెలలుగా ఖాళీగా ఉన్నాడు. ఖాళీ అంటే ఖర్చు లేదని కాదు. ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్, అంటే బయట కనపడనప్పుడు మీటర్లు చూసి నడిపే అర్హత, ఏడాదికోసారి రెన్యువల్ చేయించుకోవాలి, మెడికల్ కూడా ఏడాదికోసారి. ఎగరడం మానేస్తే చెయ్యి మర్చిపోతుంది, అందుకని మళ్ళీ గంటలు కొనుక్కోవాలి. ఎయిర్‌బస్ ఏ320 నడపడానికి టైప్ రేటింగ్ సొంత డబ్బుతో చేసుకొస్తే చూస్తామని ఒకచోట చెప్పారట. దానికి ఇంకో పదిహేడు లక్షలు. అది చేసినా ఉద్యోగం ఖాయం కాదు.

40 లక్షలకు 11 శాతం వడ్డీ అంటే ఏడాదికి 4 లక్షల 40 వేలు. కాయ 15 రూపాయల చొప్పున అమ్మితే, వడ్డీ కట్టడానికే ఏడాదికి 29 వేల కాయలు కావాలి. ఎకరానికి 65 చెట్లు, చెట్టుకు వంద కాయలు వేసుకున్నా బావగారి తోట మొత్తం దింపు సుమారు 16 వేలే. దింపు కూలి, ఒలుపు కూలి, ఎరువు నేను లెక్కలో వేయలేదు. మా అక్క ఈ లెక్క ఎప్పుడూ నోరు విప్పి చెప్పదు. కానీ ఫోన్ మోగితే టెన్షన్ పడుతుంది.

ఈ రంగంలోకి వెళ్ళొద్దని నేను అనను. మన దేశంలో పైలట్లలో సుమారు 15 శాతం మంది ఆడపిల్లలు, ప్రపంచ సగటుకు ఇది సుమారు మూడు రెట్లు. మా పి.గన్నవరం అమ్మాయి ఒకరు కాక్‌పిట్‌లో కూర్చుని మధురపూడి విమానాశ్రయంలో దిగితే చూడాలని నాకూ ఉంది. రాబోయే 15, 20 ఏళ్ళలో 30 వేల మంది పైలట్లు కావాలని కేంద్ర పౌర విమానయాన మంత్రి రామ్మోహన్ నాయుడు గారు చెబుతున్నారు. ఆ మాట నమ్ముతాను. అయితే 20 ఏళ్ళ అవసరం మీద నమ్మకంతో బ్యాంకు నాలుగేళ్ళు ఆగదు.

అందుకే నేను అడుగుతున్నది ఒకటే. ప్రతి శిక్షణ సంస్థలో ఏ ఏడాది ఎంతమంది చేరారు, ఎన్ని నెలలకు లైసెన్సు వచ్చింది, వారిలో ఎంతమంది విమాన సంస్థల్లో చేరారు, దానికి ఎన్నాళ్ళు పట్టింది? ఈ నాలుగూ డీజీసీఏ తన వెబ్‌సైట్‌లో పెట్టించాలి. 2025 అక్టోబరు నుంచి శిక్షణ సంస్థలకు ర్యాంకులు ఇస్తున్నారు, అది మంచి పనే. తొలి జాబితాలో ఏ ఒక్క సంస్థకూ 'ఏ ప్లస్' గానీ 'ఏ' గానీ రాలేదు. కానీ 'బి' అన్న ఒక్క అక్షరం చూసి, తన కొడుక్కి ఉద్యోగం ఎప్పుడొస్తుందో రైతు తెలుసుకోలేడు. కన్సల్టెన్సీలు కూడా ఇవే వివరాలు ఫ్లెక్సీ మీద వేయాలని జిల్లా యంత్రాంగం పట్టుబట్టాలి. రుణం ఇచ్చే బ్యాంకులు సంతకం పెట్టించుకునే ముందు ఇది చూపించాలి.

తల్లిదండ్రులకు ఒక్క మాట. ఎవరికీ రూపాయి కట్టకముందే పిల్లవాడికి డీజీసీఏ గుర్తింపు ఉన్న డాక్టరు దగ్గర క్లాస్ 2 మెడికల్ (మొదటి వైద్య పరీక్ష) చేయించండి, వెంటనే క్లాస్ 1 కూడా. రంగుల తేడా గుర్తించలేని లోపం ఇంట్లో ఎవరికీ తెలియదు, అక్కడే బయటపడుతుంది. అడ్వాన్సు కట్టేశాక బయటపడిన కుటుంబం మా పక్క ఊళ్ళోనే ఉంది. ఆ డబ్బు తిరిగి రాలేదు. ఇంకొకటి, గుర్తింపు ఉన్న శిక్షణ సంస్థల ఆమోదిత కోర్సులకు జీఎస్టీ లేదని 2024 సెప్టెంబరులో జీఎస్టీ కౌన్సిల్ స్పష్టం చేసింది. బిల్లులో అది వేస్తే అడగండి.

మీ పత్రిక కెరీర్ పేజీలో పైలట్ల జీతాల గురించి వచ్చింది, చదివాను. ఈసారి మీ విలేకరులు గోదావరి జిల్లాల నుంచి గత ఐదేళ్ళలో పైలట్ శిక్షణకు వెళ్ళినవారిని వెతికి, ఎవరు ఎక్కడున్నారో రాయగలరా? ఇంటర్ ఫలితాలు వచ్చేలోపు వస్తే మేలు. మా వీధిలోనే ఇద్దరు తండ్రులు పాస్‌బుక్కులు తీసి సిద్ధంగా పెట్టుకున్నారు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఫిజిక్స్ అధ్యాపకుడు,
అంబాజీపేట, కోనసీమ జిల్లా