ల్యాప్‌టాప్ అని అమ్మి, టాబ్లెట్ అని తప్పుకుంటున్న కంపెనీకి ఫిర్యాదు లేఖ

కందుకూరు,
18-08-2025.

గ్రీవెన్స్ ఆఫీసర్ గారికి,
కంపెనీ ప్రధాన కార్యాలయం.

విషయం: ల్యాప్‌టాప్‌కు బదులుగా వాడుకోవచ్చని చెప్పి నాకు అమ్మిన హైబ్రిడ్ టాబ్లెట్ గురించి, దానిపై నేను చేసిన ఫిర్యాదులకు ఇంతవరకు సూటిగా జవాబు రాకపోవడం గురించి.

అయ్యా,

నేను కందుకూరులో ఉంటూ చుట్టుపక్కల వ్యాపారులకు పద్దులు రాయడం, జీఎస్టీ రిటర్నులు దాఖలు చేయడం జీవనాధారంగా బతుకుతున్న మనిషిని. మీ వెబ్‌సైటులో కీబోర్డు తగిలించుకునే టాబ్లెట్‌ను ఈ వేసవిలో కొన్నాను. ఆ వస్తువు పాడైందని చెప్పడానికి ఈ లేఖ రాయడం లేదు. స్క్రీను చక్కగా ఉంది, ఛార్జింగు సాయంత్రం దాకా నిలుస్తోంది, చేతిలో బరువే తెలియడం లేదు. నా ఫిర్యాదు వేరు. కొనేటప్పుడు మీరు దాన్ని ల్యాప్‌టాప్ అన్నారు, ఇబ్బంది వచ్చిందని ఫోన్ చేసిన రోజు నుంచి టాబ్లెట్ అంటున్నారు, ఈ రెండింటిలో అది ఏదో తేల్చి చెప్పగలిగిన మనిషి మీ సంస్థలో నాకు ఇంతవరకు దొరకలేదు.

డబ్బు కట్టకముందే మీ వెబ్‌సైటులోని చాట్‌లో నా పని ఏమిటో వివరంగా రాశాను. పద్దులు రాసే టాలీ ప్రోగ్రాము నడవాలి, డిజిటల్ సంతకం టోకెన్ (సంతకం కోసం కంప్యూటరుకు తగిలించే చిన్న యూఎస్‌బీ పరికరం) పనిచేయాలి, నా దగ్గరున్న పాత డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరుకు బిల్లులు పంపగలగాలి, ఈ మూడూ కుదురుతాయా అని అడిగాను. "మీరు ల్యాప్‌టాప్‌లో చేసే ప్రతి పనినీ ఇందులో చేసుకోవచ్చు" అని జవాబు వచ్చింది. ఆ సంభాషణను ఫొటో తీసి దాచుకున్నాను, ఈ లేఖకు జతపరుస్తున్నాను. సింగరాయకొండలోని ఎరువుల కొట్టుకీ, ఉలవపాడులోని మామిడి వ్యాపారుల దగ్గరికీ బస్సుల్లో తిరిగే నాకు, పాత ల్యాప్‌టాప్ బరువు మోసి మోసి భుజం నొప్పి వచ్చిన నాకు, ఆ ఒక్క వాక్యమే ధైర్యమిచ్చింది. దాన్ని నమ్మి పాత యంత్రాన్ని మా బంధువుల పిల్లవాడికి ఇచ్చేశాను.

వచ్చిన ఇబ్బంది ఏమిటో క్లుప్తంగా చెబుతాను. నేను పద్దులు చూసే ఒక రైసు మిల్లు ప్రైవేటు లిమిటెడ్ కంపెనీ. కంపెనీల జీఎస్టీ రిటర్ను మీద డిజిటల్ సంతకం తప్పనిసరి, ఫోనుకు వచ్చే ఓటీపీతో సరిపెట్టడానికి వీల్లేదు. 3బీ అనే నెలవారీ జీఎస్టీ రిటర్నుకు గడువు 20వ తేదీ. దాటితే రోజుకు 50 రూపాయల ఆలస్య రుసుము, కట్టాల్సిన పన్ను మీద ఏడాదికి 18 శాతం చొప్పున వడ్డీ పడతాయి. గడువు నాటి సాయంత్రం మిల్లు ఆఫీసులో కూర్చుని టోకెన్ పెడితే దాని డ్రైవరు, అంటే ఆ పరికరాన్ని యంత్రం గుర్తించి నడిపేలా చేసే ప్రోగ్రాము, మీ టాబ్లెట్‌లో ఎక్కలేదు. ఎంతకీ ఎక్కలేదు. "ఏందమ్మా, ఇంకా కాలేదా? ఫైను పడుద్దేమో చూడు" అని మిల్లు యజమాని పక్కన నిలబడి అడుగుతుంటే నాకు తల కొట్టేసినట్టయింది. చివరికి బజారులో నెట్ సెంటరు నడిపే అబ్బాయిని బతిమాలి, అతని పాత కంప్యూటరులో ఆ పని ముగించాను. మర్నాడు చూస్తే ప్రింటరుదీ అదే వరస.

ఇక్కడి నుంచి మీ కస్టమర్ కేర్ కథ మొదలవుతుంది. ఇందులో మీ వాళ్లు ఒక్కొక్కరూ ఏమన్నారో దయచేసి ఓపికగా చదవండి, ఎందుకంటే నన్ను బాధించింది ఆ డ్రైవరు కాదు, ఇదే.

మీ నంబరుకు ఫోన్ చేయగానే రికార్డు చేసిన గొంతు టాబ్లెట్ అయితే ఒకటి, ల్యాప్‌టాప్ అయితే రెండు నొక్కమంటుంది. ల్యాప్‌టాప్ అని చెప్పి అమ్మారు కనుక రెండు నొక్కాను. చాలాసేపు పాట విన్న తరువాత లైనులోకి వచ్చిన అమ్మాయి సీరియల్ నంబరు తీసుకుని, ఇది మా జాబితాలో లేదు మేడమ్, టాబ్లెట్ విభాగానికి కలుపుతాను అన్నది. అక్కడ ఎత్తిన అతను నేను చెప్పింది విని, ప్రింటర్లూ టోకెన్లూ మా పరిధిలోకి రావు, అవి కంప్యూటరు విషయాలు, ల్యాప్‌టాప్ వాళ్లతో మాట్లాడండి అని మళ్లీ వెనక్కి కలిపాడు. మధ్యలో లైను తెగితే తిరిగి చేసిన వాళ్లు లేరు. మళ్లీ నేనే చేయాలి, మళ్లీ ఆ పాటే వినాలి, మళ్లీ పేరూ ఊరూ ఫోన్ నంబరూ మొదటి నుంచి అప్పజెప్పాలి. ఇంకో రోజు కీబోర్డులో అంకెలు కొట్టే మీటలు విడిగా లేకపోవడం వల్ల పద్దులు రాయడం ఎంత కష్టంగా ఉందో చెప్పబోతే, కీబోర్డుకు బిల్లు వేరు, అది ఉపకరణాల విభాగం చూస్తుంది అన్నారు. ప్రకటనలో రెండూ కలిపే చూపించారు, ధర కాడికి వచ్చేసరికి రెండు బిల్లులు వేశారు, జవాబు చెప్పాల్సి వచ్చేసరికి మూడు విభాగాలయ్యాయి. అమ్మేటప్పుడు ఒక కుంచం, పుచ్చుకునేటప్పుడు ఒక కుంచం పెట్టుకున్న వ్యాపారిని మా ఊళ్లో ఎవరూ నమ్మరు.

ఊరి సంగతి మరొకటి. కందుకూరు 2022 ఏప్రిల్ దాకా ప్రకాశం జిల్లాలో ఉండి, జిల్లాల పునర్విభజనలో నెల్లూరు జిల్లాలోకి వచ్చింది. మా పిన్‌కోడు మాత్రం ఒంగోలు పిన్‌కోడులాగానే 523తో మొదలవుతుంది. మీ కంప్యూటరు పిన్‌కోడును బట్టి నన్ను ఒంగోలు సర్వీసు సెంటరుకు పంపింది. అక్కడివాళ్లు చిరునామాలో నెల్లూరు జిల్లా అని ఉంది కాబట్టి మీరు నెల్లూరే వెళ్లాలి అన్నారు. ఒంగోలు మాకు దగ్గర, నెల్లూరు దాదాపు రెండింతల దూరం అని చెప్పినా వినిపించుకోలేదు. అది కావాలని చేసిన పని అని నేను అనను. కానీ ఎదురుగా కౌంటరు దగ్గర మనిషి నిలబడి ఉండగా, ఆమె చేతిలో వస్తువు ఉండగా, కంప్యూటరులో జిల్లా పేరు చూసి వెనక్కి పంపడం ఏ సంస్థకూ గౌరవం కాదు.

నెల్లూరు వెళ్లాను. ఒక పూట పని మానుకుని వెళ్లాను. అక్కడ కౌంటరులోని కుర్రవాడు టాబ్లెట్ తీసుకుని, స్క్రీను నాలుగు అంచుల వెంట వేలితో గీతలు గీశాడు, ఒక పాట పెట్టి స్పీకరు దగ్గర చెవి ఆనించాడు, కెమెరాను అరచేత్తో మూసి తెరిచాడు. అన్నీ బాగున్నాయి మేడమ్ అన్నాడు. బాగున్నాయని నాకూ తెలుసు బాబూ, టోకెన్ పెట్టి చూడు అని సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టాను. దాన్ని తాకనైనా తాకలేదు. బయటి వస్తువులు పెట్టడానికి మాకు అనుమతి లేదు అన్నాడు. అతను మర్యాదగానే మాట్లాడాడు, అతని మీద నాకు కోపం లేదు. తనకు నేర్పింది అంతే. జాబ్ షీటులో "లోపం కనబడలేదు" అని రాసి సంతకం పెట్టమన్నాడు. సమస్యను చూడకుండా కనబడలేదని రాస్తే ఎలా పెట్టను? పెట్టలేదు. అయినా నేను మెట్లు దిగుతుండగానే ఫోనుకు సందేశం వచ్చింది, మీ ఫిర్యాదు పరిష్కారమైంది, మా సేవకు ఎన్ని నక్షత్రాలు ఇస్తారు అని. అయ్యా, ఆ మెట్ల మీద నాకు కలిగినంత అవమానం మిల్లు యజమాని ముందు కూడా కలగలేదు. వస్తువు పనిచేయకపోవడం ఒక ఎత్తు, పనిచేయడం లేదని నేను అంటున్న మాటనే లేనట్టుగా కొట్టివేయడం ఒక ఎత్తు.

ఆ తరువాత మీ కార్యాలయానికి మెయిళ్లు రాశాను. ప్రతి మెయిలుకూ "ప్రియమైన సర్" అని మొదలయ్యే ఒకే సమాధానం వచ్చింది. అందులో నా పేరు లేదు, నేను అడిగిన ప్రశ్న లేదు. గట్టిగా రాస్తే చివరికి ఒక కొత్త మాట చెప్పారు, మీరు దీన్ని వ్యాపార అవసరానికి వాడుతున్నారు కనుక వినియోగదారుల విధానం వర్తించదు అని. ఇది తప్పు. స్వయం ఉపాధితో జీవనోపాధి కోసమే ఒక మనిషి కొని వాడుకునే వస్తువు వాణిజ్య ప్రయోజనం కిందికి రాదని 2019 వినియోగదారుల రక్షణ చట్టమే వివరించింది. నాకు గుమాస్తాలు లేరు, కంపెనీ లేదు. నేనూ, ఈ యంత్రమూ, నా పద్దులూ, అంతే.

మీ వాళ్లు ఎవరూ చెప్పని కారణాన్ని నేనే చదివి తెలుసుకున్నాను. ఈ టాబ్లెట్‌లో ఉన్నది ఆర్మ్ రకం ప్రాసెసరు. ఇంటెల్ రకం కోసం రాసిన మామూలు ప్రోగ్రాములను విండోస్ అనుకరణ పద్ధతిలో దీని మీద నడిపిస్తుంది, విండోస్ 11తో 64 బిట్ ప్రోగ్రాములకూ ఆ సౌకర్యం వచ్చింది. అందువల్లే టాలీ నడిచింది. కానీ డ్రైవర్ల విషయంలో ఆ అనుకరణ చెల్లదు. ప్రింటరుకైనా టోకెనుకైనా ఆర్మ్ కోసమే ప్రత్యేకంగా రాసిన డ్రైవరు ఉండాలి, పాత పరికరాలు చాలావాటికి తయారీదారులు అలాంటిది రాయలేదు. ఇది కొత్తగా బయటపడిన రహస్యం కూడా కాదు. ఆర్మ్ ప్రాసెసరుతో 2012లో వచ్చిన మైక్రోసాఫ్ట్ టాబ్లెట్ సర్ఫేస్ ఆర్‌టీ మీద పాత విండోస్ ప్రోగ్రాములు నడవవు, ఆ సరుకు అమ్ముడుపోక మరుసటి ఏడాది మైక్రోసాఫ్ట్ 90 కోట్ల డాలర్ల నష్టం రాసుకుంది. ఈ రంగంలో ఉన్న మీకు ఆ చరిత్ర తెలియకుండా ఉంటుందా? తెలిసి కూడా "ప్రతి పనినీ" అన్న మాట ఎలా వాడారు?

టాబ్లెట్ ల్యాప్‌టాప్‌కు ఎప్పటికీ బదులు కాలేదని నేను వాదించడం లేదు. నెల్లూరులో ఇంటర్ చదివే మా అక్క కూతురు ఇలాంటిదే వాడుతుంది. పాఠాలు వింటుంది, స్క్రీను మీద పెన్నుతో లెక్కలు చేసుకుంటుంది, నోట్సు రాసుకుంటుంది, ఆ అమ్మాయికి ల్యాప్‌టాప్ లేని లోటే లేదు. ఉత్తరాలు టైపు చేసుకునేవారికీ, అంతా బ్రౌజరులోనే చూసుకునేవారికీ కూడా చాలుతుందనే నా అభిప్రాయం. పాత ప్రింటర్లు, టోకెన్లు, వేలిముద్ర యంత్రాలు తగిలించుకుని బతికే మాలాంటి వారికి మాత్రం చాలదు. మీసేవ కేంద్రాలు నడిపేవారు, డీటీపీ చేసేవారు, దస్తావేజు లేఖరులు ఈ జిల్లాలో ఊరూరా ఉన్నారు, మీ ప్రకటన వాళ్లూ చూస్తున్నారు. ఏ పనికి పనికొస్తుందో, ఏ పనికి పనికిరాదో రెండు వాక్యాలు అందులో రాసి ఉంటే నేను ఈ వస్తువు కొనేదాన్ని కాదు, మీతో ఈ తగాదా ఉండేది కాదు.

మా ఇంటికి వచ్చిన మొదటి కంప్యూటరు మీ కంపెనీదే. మా నాన్నగారు పొగాకు డబ్బు చేతికి రాగానే ఒంగోలు వెళ్లి కొనుక్కొచ్చారు, నేను టాలీ నేర్చుకున్నది దాని మీదే. తరువాత నేను కొన్న ల్యాప్‌టాపూ మీ కంపెనీదే, నా మాట విని ఎరువుల కొట్టు వాళ్లు కొన్నదీ మీ కంపెనీదే. ఏది కొనమంటారమ్మా అని అడిగిన ప్రతి ఒక్కరికీ ఇన్నేళ్లు మీ పేరే చెప్పాను. ఇప్పుడు వాళ్లే అడుగుతున్నారు, నీ టాబ్లెట్ సంగతి ఏమైంది అని. ఏం చెప్పమంటారు?

నేను కోరేది ఇది. టాబ్లెట్, కీబోర్డు రెండూ వెనక్కి తీసుకుని రెండు బిల్లుల మొత్తమూ తిరిగి ఇవ్వండి, లేదా అదే ధరలో నా టోకెనూ ప్రింటరూ పనిచేసే ల్యాప్‌టాప్ ఇవ్వండి, ఇచ్చే ముందు ఆ రెండూ నా ఎదుటే పెట్టి చూపించండి. జాబ్ షీటులో రాసిన "లోపం కనబడలేదు" అన్న మాటను సరిదిద్దండి. అన్నిటికంటే ముందు, మీ సంస్థలో పేరూ హోదా ఉన్న ఒక వ్యక్తి నా లేఖ చదివి, తన సంతకంతో నాకు జవాబు రాయాలి. మూస మెయిలును జవాబుగా నేను అంగీకరించను.

2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం గ్రీవెన్స్ ఆఫీసరు ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేయాలి, నెల రోజుల్లో పరిష్కరించాలి. మీరు ఈ గడువు దాటితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైను 1915కు ఫోన్ చేయడంతో ఆగను. ఫిర్యాదుదారు నివసించే చోటే కేసు వేసుకోవచ్చని చట్టం చెబుతోంది కాబట్టి నెల్లూరులోని జిల్లా వినియోగదారుల కమిషనులో వేస్తాను. 5 లక్షల లోపు వస్తువుకు అక్కడ రుసుము కూడా లేదు. తప్పుదోవ పట్టించే ప్రకటనలపై 10 లక్షల రూపాయల వరకు జరిమానా వేయగల కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థకు మీ ప్రకటననూ, చాట్ ఫొటోనూ కలిపి పంపుతాను. అప్పుడైనా మీ న్యాయవాది కమిషను ముందు నిలబడి, ఇది ల్యాప్‌టాపో టాబ్లెట్టో చెప్పక తప్పదు.

చాట్ ఫొటో, రెండు బిల్లులు, నేను సంతకం చేయని జాబ్ షీటు నకలు, మీరు పంపిన మెయిళ్లు జతచేశాను. ఈ లేఖను రిజిస్టరు పోస్టులో, అందినట్టు రసీదు కోరుతూ పంపుతున్నాను. ఫోన్ చేయదలిస్తే మధ్యాహ్నం రెండు తరువాత చేయండి, ఉదయం పూట బస్సులో ఉంటాను. 20వ తేదీకి ముందు రెండు రోజులు మాత్రం రిటర్నుల పనిలో ఫోన్ ఎత్తలేను, ఆ రోజుల్లో చేసి నేను దొరకలేదని ఫిర్యాదు మూసివేయవద్దు.

ఇట్లు,
మీ వినియోగదారు,
కందుకూరు.