తలకు దెబ్బ తగిలితే దాచకు

అమ్మలూ,

నువ్వు పంపిన క్రికెట్ హెల్మెట్ ఫోటో, ధర చూశాం. ధర చూసి మీ అమ్మ కాసేపు మాట్లాడలేదు, అది మామూలే. కొనుక్కో. డబ్బు సోమవారం వేస్తాను. మీ సీనియర్ ఇస్తానన్న పాతది మాత్రం వద్దు. ఒక గట్టి దెబ్బకి లోపలి ఫోమ్ నలిగిందంటే మళ్లీ అంతలా కాయదు. పైడొప్ప మీద గీత కూడా కనపడకపోవచ్చు.

హెల్మెట్ వెనక మెడకి అడ్డంగా తగిలించే మెడ గార్డు కూడా తీసుకో. 2014లో సిడ్నీలో ఆస్ట్రేలియా బ్యాటర్ ఫిల్ హ్యూస్ హెల్మెట్ పెట్టుకునే ఆడాడు. బంతి దాని కింద మెడకి తగిలింది, రెండు రోజులకు పోయాడు. ఆ గార్డులు వచ్చింది ఆ తర్వాతే.

ఇక అసలు సంగతి. ‘కంకషన్ రాకుండా చేసే హెల్మెట్’ అని రాశావు. కంకషన్ అంటే గట్టి కుదుపుకి మెదడు దెబ్బతినడం. దాన్ని రాకుండా చేసే హెల్మెట్ లేదమ్మా. హెల్మెట్ పుర్రె పగలకుండా కాస్తుంది, మెదడు సంగతి వేరు. అంబాజీపేట కొట్లో కురిడీ కాయ చెవి దగ్గర పెట్టుకుని ఊపేదానివి కదా. పెంకు చెక్కుచెదరదు, లోపల కొబ్బరి మాత్రం గటగటలాడుతుంది. గట్టి కుదుపుకి పుర్రెలో మెదడు పనీ అంతే. (మరీ అంత వదులుగా ఉండదులే, చుట్టూ నీరుంటుంది.) తల గిర్రున తిరిగేలా తగిలితే ఇంకా ప్రమాదం. స్వీడన్ వాళ్లు మిప్స్ అని హెల్మెట్ లోపల జారే పొర ఒకటి పెట్టారు. దెబ్బ తగలగానే అది 10–15 మిల్లీమీటర్లు జరిగి ఆ తిప్పుడును కొంత తగ్గిస్తుంది. కొంత, అంతే.

2019లో లార్డ్స్‌లో స్టీవ్ స్మిత్‌కి ఇంగ్లండ్ బౌలర్ ఆర్చర్ బంతి మెడకి తగిలింది. మెడ గార్డు లేదు. బయటికెళ్లి, పరీక్షలు చేయించుకుని, మళ్లీ వచ్చి 92 దాకా ఆడాడు. మర్నాటికి గానీ తలనొప్పి, మత్తు బయటపడలేదు. అతని బదులు లబుషేన్‌ని దింపారు. కంకషన్ అయినవాడి బదులు ఇంకొకర్ని దింపొచ్చని ఐసీసీ రూల్ పెట్టి అప్పటికి నెల కూడా కాలేదు. అంత పెద్ద డాక్టర్లున్న చోటే ఒక రోజు పట్టింది, మీ హాస్టల్లో ఎవరు కనిపెడతారు?

సెలక్షన్ పోతుందని దాచకు. తలనొప్పి, తల తిరగడం, వాంతి, వెలుతురు చూడలేకపోవడం, వీటిలో ఒక్కటున్నా ఆట ఆపేసి కోచ్‌కి చెప్పు. అక్కడే డాక్టరుకి చూపించుకో, తర్వాత నాకు ఫోన్ చెయ్యి, అర్ధరాత్రయినా సరే. ఆ రాత్రి గదిలో ఒక్కదానివే ఉండకు.

కొనే ముందు పెట్టుకుని తల అటూ ఇటూ ఊపి చూడు, జారితే సైజు తప్పు. గ్రిల్‌కీ పై అంచుకీ మధ్య బంతి పెట్టి చూడు, దూరకూడదు. బిల్లు పారేయకు.

నాన్న