వాగు దాటితే మారే కులం

రాజురా

దోస్తూ,

నీ ఉత్తరం అందింది. మహారాష్ట్ర-తెలంగాణ సరిహద్దుల జివతి తాలూకాల పద్నాలుగు ఊళ్లు మావంటే మావని రెండు సర్కార్లు కొట్లాడుతయి, మా తండా పోరల సర్టిఫికెట్ కాడికొచ్చేసరికి మావోళ్లని ఎవరూ అనరేందని అడిగినవ్. మైకు పట్టుకున్నప్పటి మట్టి అభిమానం తహసీల్ ఆఫీసు గడప దాటదు. నాకూ కడుపు మండుతది.

చిక్కంతా రాజ్యాంగంల 342వ అధికరణతోని. ఎస్టీ జాబితా ఏ రాష్ట్రానిది ఆ రాష్ట్రానికే. లంబాడాలు (బంజారా, లమాణ్ అన్నా వాళ్లే) తెలంగాణల ఎస్టీ, 10 శాతం కోటా. ఇటు మహారాష్ట్రకు దాటితే విముక్త జాతి-అ (బ్రిటిషోళ్లు నేరగాళ్లని ముద్రేస్తే, తర్వాత ఆ ముద్ర తీసేసిన జాతుల జాబితా), 3 శాతం. సెంట్రల్ కొలువుకైతే ఓబీసీ. అదే తీజ్ పండుగ, అవే గోత్రాలు! 1990ల ఇదే గొడవ సుప్రీంకోర్టుకు పోయింది. ఆంధ్రల ఎస్టీ అయిన తెలుగు పిలగాడు బొంబాయిల డాక్టరు సీటు అడిగితే, వలసొచ్చినోనికి ఇక్కడి కోటా రాదన్నరు. 2018ల ఐదుగురు జడ్జీల బెంచి కూడా రాష్ట్రాల కోటాకు అదే ఖాయం చేసింది.

మీ అన్న కొడుకు ఫైలు సంగతి జాగ్రత్తగ చూడు. విముక్త జాతికి 1961 నవంబర్ 21 నాటికే కుటుంబం మహారాష్ట్రల ఉన్నట్టు రుజువు గావాలె. ఆధార్, రేషన్ కార్డు ఎన్ని పెట్టినా దానికి సరిపోవు. తాత బడి దాఖలా, కొత్వాల్ బుక్కు (ఊరి పుట్టుక-చావుల రిజిస్టర్) నకలు, పాత భూమి కాగితం వెతుకు. రాజురా 1956 దాకా ఆదిలాబాద్ జిల్లానే గద, నిజాం కాలపువి ఉర్దూల ఉంటయి. తర్జుమా చేయించి జత చెయ్. ఎక్కువ ఫైళ్లు ఆగేది పేర్ల కాడ: తాత కాగితంల ‘లమాణ్’, నాయిన దాంట్ల ‘బంజారా’, పిలగాని టీసీల ఉత్త ‘హిందూ’. ముగ్గురూ ఒక్క వంశమేనని వంశావళి అఫిడవిట్ ముందే పెట్టు. సర్టిఫికెట్ వచ్చినా వ్యాలిడిటీ (కులం నిజమేనని పరిశీలన కమిటీ ఇచ్చే కాగితం) వేరే గావాలె. ఆ కమిటీ విజిలెన్స్ వాళ్లు ఇంటికొచ్చి అడుగుతరు, పెద్దోళ్లంతా ఒక్కతీరు చెప్పాలె.

తాత ఆ తారీకు తర్వాత తెలంగాణ దిక్కునుంచి వచ్చిండని తేలితే ఇక్కడి కోటా మీద ఆశ పెట్టుకోకు. తెలంగాణ ఎస్టీ కాగితం వస్తదేమో అడుగు, వస్తే సెంట్రల్ కొలువులకు పనికొస్తది.

మహారాష్ట్రల బంజారాలను ఎస్టీల కలపమని 2025ల ఊరేగింపులు తీసినప్పుడు గోండులు అడ్డం తిరిగిన్రు. వాళ్లను తిట్టకు. ఇక్కడ ఎస్టీలందరికీ కలిపి ఉన్నది 7 శాతమే, వాళ్ల భయం ఉత్తదేం గాదు. సీట్లు పెంచే మాట ఎత్తకుండ ఇద్దరి నడుమ పుల్లలు పెట్టేటోళ్లనే నిలదీయాలె.

తాత దాఖలా నకలు దొరకంగనే పంపు, పేర్లు సరిచూసి చెప్త.

నీ దోస్తు